‘చంపెను’ అను చోట

జూన్ 3, సోమవారం

ఈ డైరీ కార్యాలయపు స్టేషనరీ కాదు. దీని ప్రతులు ఎవరికీ పంపబడవు. ఈ రెండు విషయాలూ మొదటే నమోదు చేసుకోవడం ఉత్తమం.

ఈ రోజు ప్రధాన కార్యాలయం నుంచి ఆదేశం అందింది. మా గ్రంథాలయంలో ఏడేళ్లుగా ఎవరూ ఇంటికి తీసుకుపోని పుస్తకాలను అరల నుంచి దించి, గోనెసంచుల్లో కట్టి, “మాసాంతములోగా పంచవలెను” అని అందులో ఉంది. మా దగ్గర ఉన్నవన్నీ అలాంటివే. ఖాళీ అయిన గదిలో ప్రజాసేవా కేంద్రం వెలుస్తుంది. ఏ సేవ అన్నది తరువాత తెలియజేయబడుతుంది.

“పంచవలెను” అన్నది అక్షరదోషం. వారి ఉద్దేశం “పంపవలెను” అని. అయితే ఎక్కడికి పంపాలో ఆదేశంలో లేదు. ఫోను చేశాను. పర్యవేక్షణాధికారి గారే ఎత్తారు. తన ప్రతి ఉత్తరంలోనూ వాక్యానికొక “తక్షణం” వాడతారు కాబట్టి మా అటెండరు ఆయనకు తక్షణం గారని పేరు పెట్టాడు. ఆయన గొంతు తగ్గించి చెప్పారు.

“కాగితం మిల్లు వాళ్ల వ్యాను వస్తుందమ్మా. గుజ్జు చేసుకుంటారు. ఆ మాట కాగితం మీద పెడితే బాగుండదని పెట్టలేదు.”

“ఇందులో ‘పంచవలెను’ అని పడింది సార్.”

“మీకు అర్థమైందా లేదా?”

“అయింది సార్.”

“మరింకేం! తక్షణం మొదలెట్టండి.”

మొదలుపెట్టాను. ఆదేశంలోని అక్షరాన్ని కాక అందులోని ఉద్దేశాన్ని అమలు చేసే ఉద్యోగినిగా నాకు మంచి పేరుంది. గ్రంథపాలకురాలిగా ఇన్నేళ్లలో మా గ్రంథాలయంలోని ఒక్క పుస్తకమూ చదివి ఎరగను. చదివితే నిష్పాక్షికత పోతుంది.

జూన్ 5

అత్తయ్యకు రెండో కంటి శుక్లం కూడా తీసేశారు. డాక్టరు గారు నిషేధించినవి: టీవీ, చదవడం, వంగడం, బరువులెత్తడం, ఏడవడం.

“కోడలితో పోట్లాడొచ్చా?” అని అత్తయ్య అడిగారు.

“నెమ్మదిగా,” అన్నారాయన.

ఆ సలహా ఆటోలోనే అమలులోకి వచ్చింది.

నాకూ అత్తయ్యకూ మధ్య మొదటి నుంచీ సత్సంబంధాలే ఉన్నాయి. అంటే, ఒకరి ప్రశ్నకు మరొకరు సకాలంలో జవాబిస్తాము. అంతకుమించి ఎవరూ ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు.

జూన్ 6

సంచులు కట్టే పని చురుకుగా సాగుతోంది. ఆఖరి అరలో నాలుగు సంపుటాల చారిత్రక నవల ఒకటి దొరికింది. మధ్యయుగపు కోట, ముట్టడి, రాజు వగైరా. ఒక్కొక్క సంపుటం పీటంత ఉంది. నాలుగూ వేసి ఎత్తబోతే సంచి అడుగు పిగిలి, రాజ్యమంతా అటెండరు కాళ్ల మీద పడింది.

“ఇది వెళ్లనంటోంది మేడమ్,” అన్నాడు కాలు పట్టుకుని.

“పుస్తకాలకు అభిప్రాయాలుండవు.”

“మరి నా కాలు మీదెందుకు పడిందండీ? మీ కాలు పక్కనే ఉందిగా.”

సంచి బరువు తగ్గించే నిమిత్తం మొదటి రెండు సంపుటాలను నా కార్డు మీద ఇంటికి తెచ్చాను. ఒక కార్డుకు రెండు పుస్తకాలే ఇస్తాము. ఇంటికి ఇచ్చిన పుస్తకాన్ని తొలగింపు జాబితాలో చేర్చరాదని కూడా నిబంధన ఉంది. ఆ నిబంధన నా మనసులో లేదు. బరువు గురించి మాత్రమే ఆలోచించాను.

జూన్ 7

టీవీ లేక అత్తయ్య గోడకేసి మాట్లాడుతున్నారు. గోడ జవాబు చెప్పడం లేదని నన్ను పిలిచారు.

“ఏదో పుస్తకం తెచ్చావట కదమ్మాయ్. చదివి పెట్టు. పిచ్చెక్కిపోతోంది నాకు.”

చదివాను. మొదటి అధ్యాయం మొత్తం కోటగోడ వర్ణన. రాయి ఏ కొండ నుంచి వచ్చింది, సున్నంలో ఏం కలిపారు, ఏ బురుజు ఎంత ఎత్తు.

“ఈ గోడ ఎప్పుడైపోతుందే?”

“ఇంకా పడమటి వైపు ఉందత్తయ్యా.”

“దేవుడా! కట్టినవాళ్లు కూడా ఇంత కష్టపడి ఉండరు.”

నవలలో అందరికీ బారెడు పేర్లున్నాయి. అత్తయ్యకు నోరు తిరగడం లేదు కాబట్టి వారిని హోదాలతో వ్యవహరించాలని మేమిద్దరం ఒక అవగాహనకు వచ్చాము. రాజు, సేనాపతి, ఏడో ద్వారం కాపలావాడు, కాపలావాడి భార్య. పాతికేళ్లలో మేము ఏకాభిప్రాయానికి వచ్చిన మొదటి అంశం ఇదే.

జూన్ 9

గోడ పూర్తయింది. ముట్టడి మొదలైంది.

జూన్ 12

“సదరు గ్రంథముల తొలగింపును పునఃపరిశీలించ ప్రార్థన” అని ప్రధాన కార్యాలయానికి రాశాను. సాధారణ పరిపాలనాపరమైన జాగ్రత్త, అంతే. జవాబు మధ్యాహ్నానికే వచ్చింది. మొత్తం నాలుగు మాటలు. వాటిలో రెండు “తక్షణం”.

ఇంట్లో భోజనం ఆలస్యమవుతోందని మా వారు మౌఖికంగా ఫిర్యాదు చేశారు. నేను జవాబు చెప్పేలోపే మంచం మీద నుంచి అత్తయ్య కలగజేసుకున్నారు.

“అక్కడ కోటలో తిండిగింజ లేక గుర్రపు జీను తోలు ఉడకబెట్టుకుని తింటున్నారు. నీకేం తొందరొచ్చిందిరా?”

“ఏ కోటమ్మా?”

“నువ్వూరుకో. నీకు గోడ దగ్గర్నుంచి చెప్పాలి.”

ఫిర్యాదు మూసివేయబడింది.

ఏడో ద్వారం కాపలావాడంటే అత్తయ్యకు ప్రీతి ఏర్పడింది. కుంటివాడు. ఒక భుజం కూడా సరిగా లేదు. ఇంటికొచ్చి తలుపు తట్టినప్పుడు రెండు దెబ్బలు గట్టిగా, మూడోది మెత్తగా పడుతుంది. ఆ మూడో దెబ్బ విని భార్య గడియ తీస్తుంది. నాకు అతని మీద ఏ అభిప్రాయమూ లేదు. అతను వచ్చే పేజీలు కొంచెం నెమ్మదిగా చదువుతున్నానని అత్తయ్య అన్నారు. వెలుతురు చాలక.

జూన్ 16, ఆదివారం

జరిగినది జరిగినట్టు రాస్తాను.

రెండో సంపుటం చివరికొచ్చాము. కాపలావాడు శత్రువుతో కుమ్మక్కయ్యాడని సేనాపతి రాజు చెవిలో ఊదాడు. రాజు అతన్ని ఒంటరిగా తన మందిరానికి పిలిపించాడు. అతను చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లాడు. తలుపులు మూసుకున్నాయి. తరువాతి వాక్యం ఇది: “ఆ వేకువననే రాజు అతనిని చంపెను.”

అధ్యాయం అయిపోయింది. కింద చిన్న పువ్వు బొమ్మ ఉంది.

“మళ్లీ చదువు,” అన్నారు అత్తయ్య.

చదివాను.

“ఎలా చంపాడు?”

“రాయలేదు అత్తయ్యా.”

“కత్తా, విషమా?”

“చంపెను అని మాత్రమే ఉంది.”

“మరి శవమేదీ? ఏడ్చినవాళ్లేరీ? సేనాపతి గుర్రం చస్తే అధ్యాయమంతా ఏడ్చాడు కదే ఈ రాసినాయన! ఈ మనిషికి ఒక్క ముక్కేనా?”

“గ్రంథకర్త ఇష్టం అత్తయ్యా.”

“వాడు చావలేదు.”

“అచ్చులో ఉంది.”

“ఉంటే?”

“అచ్చులో ఉన్నదాన్ని మార్చే అధికారం మనకు లేదు.”

అత్తయ్య కట్టు కట్టిన కంటిని కూడా నా వైపు తిప్పారు. “అధికారం గురించి నేనడగలేదమ్మాయ్. వాడు చచ్చాడా లేదా అని అడుగుతున్నా. చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. అవి ఎవరైనా తీశారా?”

వెనక్కి తిప్పి చూశాను. ఎవరూ తీయలేదు.

“అయితే వాడు చావలేదు,” అని అటు తిరిగి పడుకున్నారు.

చనిపోయాడని నేను వాదించాను. అదే సరైన వైఖరి. ఆ పేజీ మడత పెట్టడం మాత్రం గ్రంథాలయ నిబంధనలకు విరుద్ధం. ఎవరు పెట్టారో తెలియదు.

జూన్ 17

అత్తయ్య మాట్లాడటం లేదు. నాతో కాదు. నవలతో.

జూన్ 19

తక్షణం గారు తనిఖీకి వచ్చారు. సంచులన్నీ వరండాలో వరసగా నిలబడి ఉన్నాయి. కర్రతో ఒక్కొక్కదాన్ని పొడుస్తూ నడిచారు. వెనకాలే అటెండరు నడిచాడు, సంచులకు దెబ్బ తగిలినట్టు మొహం పెట్టి.

నా బల్ల మీద మూడో సంపుటం, నాలుగో సంపుటం ఉన్నాయి. ఆ పూటే అత్తయ్య పేర సభ్యత్వం ఇచ్చి, ఆ కార్డు మీద ఇష్యూ చేశాను.

“ఇవేంటి, బయటున్నాయి?”

“ఇష్యూ అయినవి సార్.”

“ఇంత లావు పుస్తకాలు ఈ రోజుల్లో ఎవరమ్మా చదివేది?”

“మా అత్తగారు సార్.”

“అబ్బో! పెద్దావిడకి కళ్లు బాగానే కనిపిస్తాయన్నమాట.”

“ప్రస్తుతం కనబడవు సార్.”

ఆయన నా మొహం కేసి కాసేపు చూశారు. నా మొహంలో సాధారణంగా ఏమీ ఉండదు. అదొక్కటే నాకున్న ఆస్తి.

“చూడండమ్మా, ఇరవై తొమ్మిదో తారీకు వ్యాను వస్తుంది. ఒక్క సంచి తగ్గినా మిమ్మల్ని ఈ కుర్చీలోంచి లేపాల్సొస్తుంది. నాకిష్టమై కాదు. పై నుంచి ఒత్తిడి.”

“తమ ఒత్తిడి అర్థమైంది సార్.”

వెళ్తూ వెళ్తూ గది కొలతలు తీయించారు. సేవా కేంద్రంలో కౌంటరు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో నేల మీద గీశారు. గీత సరిగ్గా నా కుర్చీ కింద నుంచి పోయింది.

జూన్ 20

గీత తుడిచాము. గదిని శుభ్రంగా ఉంచాలని నిబంధన.

జూన్ 22

మూడో సంపుటం. మా వారి దిండు కింద దొరికింది. అడిగితే, మెడనొప్పికి ఎత్తు కోసం పెట్టుకున్నానన్నారు. “సేనాపతికి కొత్త గుర్రం దొరుకుతుందా?” అని అడిగారు తరువాత, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని. ఆయనకు గోడ దగ్గర నుంచి చెప్పవలసిన అవసరం లేదని దీన్నిబట్టి తేలింది.

కోటలో కాపలావాడు చనిపోయాడనే అందరూ అనుకుంటున్నారు. అతని భార్య ఏడవదు. ఏడో ద్వారం తాళానికి రోజూ నూనె పెడుతుంది.

“చూశావా?” అన్నారు అత్తయ్య. “మొగుడు పోయినది తాళానికి నూనె పెడుతుందా?”

“పెట్టవచ్చత్తయ్యా. పనిలో పడితే దుఃఖం మరుస్తారు కొందరు.”

“మీ మావగారు పోయినప్పుడు నేను గోడ గడియారానికి కీ కూడా ఇవ్వలేదు. ఎన్నాళ్లు ఆగిపోయిందో అది. ఎవరో వస్తారనుకుంటేనే తాళాలూ గడియారాలూ చూసుకునేది.”

ఈ విషయం నాకు తెలియదు. ఈ ఇంట్లో ఆ గడియారం కిందే పాతికేళ్లుగా తిరుగుతున్నాను.

కాఫీ ఇచ్చాను. తాగుతూ అడిగారు.

“మన కోటలోవాళ్లు కార్డుల మీద బతికారు సరే. ఆ సంచుల్లో ఉన్న మిగతావాళ్ల సంగతేంటి?”

“ఎవరు అత్తయ్యా?”

“ఎవరో ఒకరుంటారుగా లోపల. ఏ కాపలావాడో, వాడి పెళ్లామో. సగంలో ఉన్నవాళ్లు.”

ఆదేశం గురించి వివరించాను. మిల్లు గురించి, ఫోను గురించి, అక్షరదోషం గురించి. చెప్పకూడనివేమీ చెప్పలేదు. అత్తయ్య కప్పు కింద పెట్టేశారు.

“ఏమని పడింది?”

“పంచవలెను.”

“నువ్వేమని చదివావు?”

“పంపవలెను. ఉద్దేశం అదే కదత్తయ్యా.”

“ఓహో. మీ ఆఫీసువాళ్ల తప్పైతే వాళ్లడక్కుండానే నువ్వు దిద్దిపెడతావు. నా కాపలావాడి దగ్గరకొచ్చేసరికి అచ్చులో ఉంది, అధికారం లేదు! వాళ్లకైతే ఉద్దేశం, వీడికైతే అక్షరమా? బాగుందమ్మాయ్ నీ ఉద్యోగం.”

ఈ అభ్యంతరాన్ని నమోదు చేసుకున్నాను. పరిశీలనలో ఉంచాను.

జూన్ 23

పరిశీలనలో ఉంది.

జూన్ 25

నాలుగో సంపుటం ముగింపుకు వచ్చాము. కోటలో నీళ్లు కూడా అయిపోయాయి. మరునాడు తలుపులు తెరిచి లొంగిపోదామని సేనాపతి అన్నాడు. అప్పుడు ఏడో ద్వారం మీద ఎవరో తట్టారు. రెండు దెబ్బలు గట్టిగా. మూడోది మెత్తగా.

అక్కడ నేను ఆగాను.

“ఆగావేం?”

“కంట్లో నలక పడిందత్తయ్యా.”

“పడనీ. నాకు ఏడవడం కూడదన్నాడు డాక్టరు. నా వంతు కూడా కానిచ్చెయ్.”

జూన్ 26

కాపలావాడి వెనక పొరుగు రాజు సైన్యం వచ్చింది. ముట్టడి విడిపోయింది. గుజ్జు కావలసిన కోట నిలబడింది.

అయినా నా వైఖరిలో మార్పు లేదని అత్తయ్యకు చెప్పాను. రెండో సంపుటంలో చంపబడినవాడు నాలుగో సంపుటంలో తలుపు తట్టడం గ్రంథకర్త పొరపాటు కావచ్చు, అంత పొడుగు పుస్తకంలో ఎవరికైనా గుర్తుండదు అన్నాను. “ఆ ఖాళీ కాగితాలు కూడా తిప్పి చూడు,” అన్నారావిడ. తిప్పాను. ఖాళీ కాదు. చివరి అట్టకు ముందు, చీమల్లాంటి అక్షరాలతో తప్పొప్పుల పట్టిక ఉంది. రెండో సంపుటం, చివరి పుట, చివరి పంక్తి:

“‘చంపెను’ అను చోట ‘పంపెను’ అని చదువుకొనవలెను.”

పంపెను. రాజు అతన్ని మందిరంలోని సొరంగం గుండా సాయం తేవడానికి పంపెను. చంపినట్టు అందరినీ నమ్మనిచ్చెను. ఒక్క అక్షరం వల్ల మేము పది రోజులు ఒక మనిషికి దినాలు చేసుకున్నాము.

అత్తయ్యకు చదివి వినిపించాను. “నేను చెప్పలా?” అని అంటారనుకున్నాను. అనలేదు. చెయ్యి చాపి, ఆ పేజీ ఎక్కడుందో వేళ్లతో తడిమి చూశారు.

జూన్ 27

ఉదయం ప్రధాన కార్యాలయపు ఆదేశాన్ని మళ్లీ చదివాను. ముందుపక్క చదివాను. వెనకపక్క చదివాను. అనుబంధాలు చదివాను. కవరు కూడా విప్పి లోపల చూశాను.

తప్పొప్పుల పట్టిక జతచేయబడలేదు.

కావున, అచ్చులో ఉన్నదే ఆదేశం.

పరిశీలన ముగిసింది. అటెండరును పిలిచి సంచులు విప్పమన్నాను.

“అన్నీనా మేడమ్?”

“అన్నీ.”

“ఉద్యోగం పోతుందేమోనండీ.”

“నీది పోదు. నేను చెప్పాను, నువ్వు విప్పావు.”

“నాది కాదండీ, మీది.”

“నాకు రాతపూర్వకమైన ఆదేశం ఉంది.”

అతను మొదటి సంచి తాడు పళ్లతో లాగాడు. కత్తెర బల్ల మీదే ఉంది. సంతోషంలో కనబడలేదనుకుంటాను.

జూన్ 28

“ఆదేశానుసారం పుస్తకాలు పంచబడును” అని గుమ్మానికి కాగితం అంటించాము. పది దాకా ఎవరూ రాలేదు. తరువాత ఎదుటి దర్జీ వచ్చాడు, మెడలో టేపుతో.

“ఉత్తినేనా అండీ?”

“ఉత్తినే.”

“చదవాలా?”

“ఆదేశంలో ఆ షరతు లేదు.”

“అయితే రెండివ్వండి.”

అతను వెళ్లి వీధిలో చెప్పాడు. వీధి వచ్చింది. బస్సు కండక్టరు అన్నిటికన్నా లావైనది అడిగాడు. “టెర్మినల్ దగ్గర గంటలు గంటలు ఆపేస్తున్నారండీ. త్వరగా అయిపోయేది నాకొద్దు.” మందుల షాపు అమ్మాయి నక్షత్రాల మీద ఒక పుస్తకం తీసుకుని గుమ్మంలోనే చదవడం మొదలుపెట్టింది. వెనకవాళ్లు “జరుగమ్మా, ఆకాశం ఎక్కడికీ పోదు” అని అరిస్తే జరిగింది, పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. ఒకావిడ విజ్ఞాన సర్వస్వంలో అచ్చుల సంపుటాలు మాత్రం పట్టుకుంది. “హల్లులు మా చెల్లెలు పట్టుకెళ్తుంది. మేం పక్కపక్క వాటాలే. ఏదైనా పూర్తిగా తెలుసుకోవాలంటే ఇద్దరం మాట్లాడుకోక తప్పదు. ఆరు నెల్లనుంచి మాటల్లేవులెండి.”

ప్రతి పుస్తకం మీదా ముద్ర ఉండాలి కదా. మా దగ్గర ఉన్నది “పంపబడినది” అనే రబ్బరు ముద్ర. అటెండరు దాన్ని బ్లేడుతో గీకి రెండో ‘ప’ను ‘చ’ చేయబోయాడు. అది ప కాక, చ కాక, ఎవరికి ఎలా కావాలంటే అలా కనబడేలా తయారైంది. పరిపాలనా దృష్ట్యా ఇంతకన్నా మంచి అక్షరం నేను చూడలేదు.

సాయంత్రానికి అరలూ ఖాళీ, సంచులూ ఖాళీ. ఒక్క పుస్తకం ఉంచమన్నాను. ఎవరి కోసమని అటెండరు అడగలేదు. ఇంటికి వెళ్తూ చూస్తే దర్జీ కత్తెర పక్కన పెట్టి, మిషను మీద పుస్తకం తెరిచి, కాలితో మాత్రం అలవాటుగా తొక్కుతున్నాడు.

జూన్ 29

వ్యాను వచ్చింది. ముందు సీట్లో తక్షణం గారు.

“సంచులేవమ్మా?”

“మడత పెట్టి ఉన్నాయి సార్. గోడవార.”

“లోపలి పుస్తకాలు?”

“పంచాను సార్.”

“పంపేశారా! వ్యాను ఇప్పుడేగా వచ్చింది, దేంట్లో పంపారు?”

“పంపలేదు సార్. పంచాను.”

ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. నేను ఆదేశం చూపించాను. ఆ వాక్యం కింద గీత గీసి ఉంచాను, వారి సౌకర్యార్థం.

“ఇది టైపు తప్పమ్మా! చిన్నపిల్లకైనా తెలుస్తుంది!”

“తప్పయితే తప్పొప్పుల పట్టిక జతచేసేవారని భావించాను సార్.”

“ఆఫీసు ఆర్డర్లకి తప్పొప్పుల పట్టికేంటమ్మా, నవలా ఏంటి?”

“నవలకే ఉంది సార్.”

“ఫోన్లో చెప్పానా లేదా, మిల్లని?”

“చెప్పారు సార్. కాగితం మీద పెడితే బాగుండదని కూడా చెప్పారు.”

వ్యాను డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. “సార్, ఖాళీగా వెళ్లిపోనా? మిల్లులో ఏమని చెప్పమంటారు?”

“నువ్వాగు!” అని తక్షణం గారు నా వైపు తిరిగారు. “తక్షణం అన్నీ వెనక్కి తెప్పించండి. ఇంటింటికీ వెళ్లండి.”

“అలాగే సార్. ‘ప్రజలకు పంచిన గ్రంథములను గుజ్జు చేయు నిమిత్తం వెనుకకు తెప్పించవలెను’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. ఇప్పుడే బయలుదేరతాను.”

కలం తీసి చేతికిచ్చాను. ఆయన కలం మూత తీసి తల ఎత్తారు. ఎదురుగా దర్జీ, కండక్టరు, అచ్చుల ఆవిడ, హల్లుల ఆవిడ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నారు. కలం మూత పెట్టి నా చేతికి తిరిగిచ్చారు.

“దీని ఫలితం అనుభవిస్తారు మీరు.”

“ఎదురుచూస్తుంటాను సార్.”

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఏ నిబంధన కిందా రాదు. వెనక్కి తీసుకోలేదు.

వ్యాను తిరిగేలోపు అటెండరు పరుగెత్తి, మిగిల్చిన ఒక్క పుస్తకం డ్రైవరు చేతిలో పెట్టాడు. “మిల్లుకు కాదన్నా. నీకు.”

జూలై 4

బదిలీ ఉత్తర్వు అందింది. జనన మరణ నమోదు విభాగం, మరణాల కౌంటరు. గదిలో సేవా కేంద్రం పని మొదలైంది. అయినా రోజూ ఎవరో ఒకరు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చి, “ఇది చదివేశామండీ, వేరేది ఉందా?” అని అడుగుతున్నారట. అటెండరు ఇద్దరిద్దరిని నిలబెట్టి ఒకరిది ఒకరికి మారుస్తున్నాడట. తనకు ఏ ఆదేశమూ లేదని, ఎవరూ వద్దనలేదని చెప్పాడు. మంచి ఉద్యోగి.

బదిలీతో పాటు సవరణ పత్రం కూడా జతచేశారు, నెల ఆలస్యంగా: “మా ఆదేశములో ‘పంచవలెను’ అను చోట ‘పంపవలెను’ అని చదువుకొనవలెను.”

అత్తయ్యకు చదివి వినిపించాను. జవాబు ఇద్దరం కలిసి రాశాము.

“తమ సవరణ అందినది. అటులే చదువుకొనడమైనది. సదరు గ్రంథములు మాత్రం పంచబడిన ఇండ్లలో చదువుకొనబడుచున్నవి. తమకు తెలియజేయుట మా విధి.”

“‘తక్షణం’ అని ఎక్కడైనా పెట్టమ్మాయ్,” అన్నారు అత్తయ్య. పెట్టాను, సంతకం ముందు.

జూలై 8

కొత్త కౌంటరులో మొదటి రోజు. పై అధికారి ఒక కాగితం ఇచ్చి, ఇందులో వాళ్లందరూ పోయారు, రాసేయండి అన్నాడు. పోయినట్టు ఎవరు చూశారు అని అడిగాను. “ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదండీ,” అన్నాడు. ఇకపై అడుగుతారు అని తెలియజేశాను. మధ్యాహ్నానికి ఒకాయన బతికే ఉన్నట్టు తేలింది. పొరుగూరులో కూతురి దగ్గర ఉన్నాడు.

నాలుగు సంపుటాలూ ఇంట్లోనే ఉన్నాయి. గడువు దాటింది. తిరిగి ఇవ్వడానికి గ్రంథాలయం లేదు కాబట్టి గడువు దాటలేదని కూడా చెప్పవచ్చు.

అత్తయ్యకు కొత్త కళ్లజోడు వచ్చింది. గోడ గడియారంలో టైము దూరం నుంచి చెప్పారు, సరిగ్గా. రెండో సంపుటం తెచ్చి ఒళ్లో పెట్టాను. నా వైపే తోసేశారు.

“కొత్త కళ్లు. అప్పుడే అరగదీసుకోను. నువ్వే చదువు. చెప్పులు గుమ్మం బయట విడిచాడు, అక్కణ్నుంచి.”

మడత పెట్టిన పేజీ తెరిచాను. మా వారు పేపరు దించారు. తలుపులు మూసుకున్నాయి. చివరి పంక్తికి వచ్చాను.

అచ్చులో “చంపెను” అనే ఉంది. నేను “పంపెను” అని చదివాను, పక్కింటికి వినబడేంత గట్టిగా.